లివర్ క్యాన్సర్‌లో ఇమ్యూన్ సెల్స్ ఉన్నా ఎందుకు పనిచేయట్లేదు? బ్లడ్ కౌంట్ నార్మల్‌గానే ఉంది కదా

కొత్తసభ్యుడు77:

అందరికీ నమస్తే. మా నాన్నగారికి లివర్ క్యాన్సర్ అని తేలింది, హెచ్‌సీసీ అంటున్నారు, అంటే వేరే చోట పుట్టి లివర్‌కి పాకింది కాదు, లివర్‌లోనే పుట్టింది. హెపటైటిస్ బి ఆయనకి చిన్నప్పటి నుంచే ఉండి ఉంటుందట, మాకు తెలిసేసరికే సిరోసిస్ వచ్చేసింది. పోర్టల్ వీన్ కొమ్మలోకి గడ్డ పాకింది కాబట్టి ఆపరేషన్ కుదరదన్నారు, కానీ లివర్ ఇంకా బాగానే పనిచేస్తోంది, లివర్ పనితీరు కొలిచే స్కోరులో మంచి మెట్టు, చైల్డ్ ప్యూ ఏ అంటారట, అందుకని ఇమ్యునోథెరపీ మొదలుపెడదాం అన్నారు. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ రెండూ కలిపి మూడు వారాలకోసారి ఎక్కిస్తారట.

డాక్టర్ గారు ఒక మాటన్నారు, ఆయన ఇమ్యూన్ సెల్స్ గడ్డ దగ్గరే ఉన్నాయి కానీ పని చేయట్లేదు, వాటి మీద ఉన్న బ్రేక్ తీయాలి అని. అది విన్న దగ్గర్నుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది. బ్లడ్ రిపోర్ట్‌లో తెల్లకణాలు నార్మల్, లింఫోసైట్స్ మాత్రం కాస్త తక్కువ. ఆయనకి జలుబు చేస్తే తగ్గిపోతుంది, గాయమైతే మానుతుంది, అంటే ఇమ్యూనిటీ ఉన్నట్టే కదా, మరి ఒక్క క్యాన్సర్ దగ్గరే ఎందుకు చేతులెత్తేసింది? చుట్టాలేమో ఇమ్యూనిటీ తగ్గింది కాబట్టే వచ్చింది, పెంచే పొడులు కషాయాలు ఇవ్వండి అని ఒకటే ఫోన్లు. ఇంకో డౌట్, ఇమ్యూన్ సెల్స్‌కి సంబంధించిన మందు అయితే ఒకటి చాలదా, రెండెందుకు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మెడికల్ మాటలు ఉన్నా పర్లేదు, అర్థం చేసుకోవడానికి ట్రై చేస్తా.

టీసెల్_మనిషి:

అన్నా, నేను డాక్టర్ని కాదు, ట్యూమర్ ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేస్తా, మీరడిగిందే మా రోజువారీ పని కాబట్టి చెప్తా. నాన్నగారి ట్రీట్‌మెంట్ విషయంలో మాత్రం మీ డాక్టర్ మాటే ఫైనల్.

ముందు ఆ బ్లడ్ కౌంట్ గురించి. సీబీసీ అనేది రక్తంలో ఎన్ని కణాలు తిరుగుతున్నాయో లెక్కపెడుతుంది, అంతే. అవి ఏ స్థితిలో ఉన్నాయో చెప్పదు, గడ్డ లోపల ఏం జరుగుతోందో అసలే చెప్పదు. టీ సెల్ అంటే లింఫోసైట్స్‌లో ఒక రకం. గడ్డలో ఉన్న టీ సెల్ వేరు, రక్తంలో తిరిగే టీ సెల్ వేరు, ఒకే మనిషివైనా సరే. అందుకే జలుబు తగ్గుతుంది, గాయం మానుతుంది, గడ్డ మాత్రం పెరుగుతుంది. ఒంట్లో ఇమ్యూనిటీ మొత్తంగా పడిపోయిందా అని కాకుండా, ఆ ఒక్కచోట ఆ కణాలకి ఏమైంది అని చూడాలి.

ఇప్పుడు లివర్ సంగతి. లివర్‌కి వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు పోర్టల్ వీన్ ద్వారా పేగుల నుంచే వస్తుంది. తిన్న తిండిలోని ప్రొటీన్లు, పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు, అన్నీ రోజంతా అక్కడికే చేరతాయి. వాటన్నిటి మీదా యుద్ధం చేస్తూ కూర్చుంటే లివర్ ఎప్పుడో పాడైపోయేది, కాబట్టి సహజంగానే లివర్ ఇమ్యూన్ సెల్స్‌ని అణిచి ఉంచే అవయవం. అక్కడుండే కుప్ఫర్ సెల్స్ అనే లివర్ సొంత ఇమ్యూన్ సెల్స్, రక్తనాళాల లోపలి పొర కణాలు ఐఎల్-10, టీజీఎఫ్-బీటా లాంటి శాంతపరిచే సిగ్నల్స్ పంపుతుంటాయి, టీ సెల్ మీది బ్రేక్‌ని నొక్కే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ కూడా చూపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది మనకి మంచిదే. గడ్డ పుట్టినప్పుడు ఇదే దానికి కలిసొస్తుంది, రక్షణ కోసం అది కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ ఉండదు, ఉన్న ఏర్పాటునే వాడుకుంటుంది.

దీనికి తోడు హెపటైటిస్ బి. వైరస్‌ని చంపాల్సినవి సీడీ8 టీ సెల్స్. ఫ్లూ లాంటిదైతే అవి వస్తాయి, చంపుతాయి, తర్వాత చాలావరకు చచ్చిపోయి కొన్ని జ్ఞాపకంగా మిగులుతాయి. బి వైరస్ ఏళ్ల తరబడి వదలదు, టీ సెల్‌కి ఎదురుగా శత్రువు ఎప్పుడూ ఉంటాడు, సిగ్నల్ ఆగదు. అలా ఆగకుండా సిగ్నల్ అందుతుంటే టీ సెల్ మెల్లగా ఎగ్జాస్షన్, అంటే అలసిపోయిన స్థితిలోకి వెళ్తుంది. తర్వాత గడ్డ వచ్చినా అదే కథ, గడ్డలోని తేడా ప్రొటీన్లు కూడా రోజూ ఎదురుగానే ఉంటాయి కదా.

ఈ ఎగ్జాస్షన్ అంటే నిద్రపోవడమో చచ్చిపోవడమో కాదన్నా, ఇది చాలామందికి సరిగ్గా చేరదు. ఆ సెల్ బతికే ఉంటుంది, శత్రువుని గుర్తుపడుతుంది కూడా. కానీ ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ లాంటివి విడుదల చేయడం తగ్గిపోతుంది, విభజన తగ్గుతుంది, చంపే శక్తి పడిపోతుంది, పైన పీడీ-1, టిమ్-3, లాగ్-3, టిజిట్ అనే బ్రేక్ ప్రొటీన్లు ఒకదాని మీద ఒకటి పెరుగుతాయి. లోపల టాక్స్ అనే ప్రొటీన్ జీన్స్ చదివే పద్ధతినే మార్చేస్తుంది. 2017లో చైనా టీమ్ ఒకటి ఆరుగురు హెచ్‌సీసీ పేషెంట్ల నుంచి ఐదువేలకి పైగా టీ సెల్స్‌ని ఒక్కొక్కటిగా విడదీసి ఏయే జీన్స్ ఆన్ అయి ఉన్నాయో చదివారు, గడ్డలో ఎగ్జాస్ట్ అయిన సీడీ8 సెల్స్, అణిచిపెట్టే ట్రెగ్ సెల్స్ రెండూ పోగుపడి ఉన్నాయని, ఆ రెండిట్లోనూ లైలిన్ అనే జీన్ ఎక్కువగా ఉందని తేలింది. నా వరకు ఈ సబ్జెక్ట్‌లో చూపు మార్చిన పేపర్ అది. పేషెంట్ గడ్డలో ఉన్న కణాల్లోనే నేరుగా చూపించింది మరి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎగ్జాస్ట్ అయినవన్నీ ఒకే మెట్టు మీద ఉండవు. కొన్ని ఇంకా తొలి దశలో ఉంటాయి, టీసీఎఫ్1 అనే ప్రొటీన్ ఉంటుంది, వాటికి మళ్లీ పెరిగే శక్తి ఉంటుంది. పీడీ-1 బ్రేక్ తీస్తే ప్రధానంగా స్పందించేవి ఇవే. పూర్తిగా చివరి దశకి వెళ్లిపోయినవి బ్రేక్ తీసినా పెద్దగా లేవవు. అందరికీ మందు ఒకేలా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. అలాగని పీడీ-1 కనిపించిన ప్రతి టీ సెల్ పని అయిపోయినట్టు కాదు, అప్పుడే యాక్టివేట్ అయిన ఆరోగ్యకరమైన టీ సెల్ మీద కూడా అది కనిపిస్తుంది.

పీడీ-1ని 1992లో కనిపెట్టింది జపాన్‌లో తసుకు హోంజో ల్యాబ్. సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో బ్రేక్ మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిపి 2018లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మీ నాన్నగారికి ఇవ్వబోయే అటెజోలిజుమాబ్ పట్టుకునేది పీడీ-ఎల్1ని, అంటే టీ సెల్ మీది పీడీ-1 బ్రేక్‌ని నొక్కే వైపుని.

రెండో మందు ఎందుకో డాక్టర్లెవరైనా చెప్తే బాగుంటుంది, నేను ఇప్పటికే చాలా రాసేశా.

సరళ_కేర్‌గివర్:

తమ్ముడూ, మా ఆయనకి ఇవే రెండు మందులు ఇచ్చారు, సైన్స్ సంగతి పైన చెప్పారు కాబట్టి నేను ఇంటివైపు నుంచి రెండు మాటలు చెప్తా. మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేయించారా లేదా కచ్చితంగా అడుగు. సిరోసిస్ ఉన్నవాళ్లకి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, బెవాసిజుమాబ్‌తో బ్లీడింగ్ అయ్యే రిస్క్ ఉంది, ముందే చూసి అవసరమైతే బ్యాండ్ వేస్తారు. బీపీ ఇంట్లోనే చూసుకుంటూ రాసిపెట్టు, మావారికి బీపీ పెరిగింది, మాత్రతో కంట్రోల్ అయింది. యూరిన్‌లో ప్రొటీన్ కూడా చూస్తుంటారు. హెపటైటిస్ బి మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

ఇంకా, కొత్తగా విరేచనాలు, ఆయాసం, పొడి దగ్గు, ఒళ్లంతా దద్దుర్లు, బాగా నీరసం, ఏది వచ్చినా అదే తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. బ్రేక్ తీసిన ఇమ్యూన్ సెల్స్ గడ్డ ఒక్కదాని మీదే పడాలని రూలేం లేదు, పేగుల మీద, ఊపిరితిత్తుల మీద, థైరాయిడ్ మీద కూడా పడతాయి. మావారికి థైరాయిడ్ పడిపోయింది, మాత్ర వేసుకుంటున్నారు, ట్రీట్‌మెంట్ ఆపలేదు. ధైర్యంగా ఉండు తమ్ముడూ, నువ్వు ఇంతగా తెలుసుకుంటున్నావంటేనే ఆయనకి సగం బలం.

లివర్‌వార్డ్_డాక్టర్:

హెపటాలజీలో ఉన్నాను. సరళ గారు చెప్పినవన్నీ కరెక్ట్, ముఖ్యంగా ఎండోస్కోపీ, బి వైరస్ మందు. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ విజృంభించి లివర్ ఫెయిల్ అయ్యే ప్రమాదం ఉంది, అప్పుడు క్యాన్సర్ మందు కూడా ఆపేయాల్సి వస్తుంది.

రెండు మందులెందుకు అన్నదానికి వస్తా. టీ సెల్ ఎగ్జాస్షన్ ఒక్కటే అయితే ఒక మందు సరిపోయేదేమో. కానీ ఈ గడ్డలో పాడైన ఇమ్యూన్ సెల్స్ టీ సెల్స్ మాత్రమే కాదు. ఎన్‌కే సెల్స్ తీసుకోండి, తేడా కణాల్ని నేరుగా చంపే లింఫోసైట్స్ ఇవి, రక్తంలోని లింఫోసైట్స్‌లో ఇవి తక్కువ, లివర్‌లో మాత్రం లింఫోసైట్స్‌లో సుమారు 30 నుంచి 50 శాతం ఇవే ఉంటాయి, లివర్‌కి సొంత కాపలా అన్నమాట. హెచ్‌సీసీ గడ్డలో వీటి సంఖ్యా తగ్గుతుంది, చంపే శక్తీ తగ్గుతుంది. ఎన్‌కే సెల్ గుర్తుపట్టే మైకా అనే ప్రొటీన్‌ని గడ్డ తన ఒంటి మీద నుంచి కత్తిరించి రక్తంలోకి వదిలేస్తుంది, అది పోయి ఎన్‌కే సెల్ రిసెప్టర్‌కి అంటుకుంటే అసలు గడ్డ కణం ఎదురొచ్చినప్పుడు సరిగ్గా గుర్తుపట్టలేదు. ఇంకోపక్క మాక్రోఫేజ్‌లు, అంటే క్రిముల్ని, చచ్చిన కణాల్ని మింగే కణాలు. గడ్డలో చేరినవాటిలో చాలా భాగం చంపే పని మానేసి గడ్డకి కొత్త రక్తనాళాలు తెప్పించడం, టీ సెల్స్‌ని ఆపడం లాంటివి చేస్తాయి. ఎముక మజ్జలో పుట్టి పూర్తిగా ఎదగని మైలాయిడ్ కణాలు కూడా అక్కడ పోగుపడతాయి, ఇవి ఆర్జినిన్ అనే అమైనో యాసిడ్‌ని విరగ్గొట్టేస్తాయి, అది లేకుండా టీ సెల్ విభజన జరగదు. టీసెల్ గారు చెప్పిన ట్రెగ్స్ ఎలాగూ ఉన్నాయి. డెండ్రిటిక్ కణాలు అంటే శత్రువు ఎవరో టీ సెల్స్‌కి చూపించేవి, అవీ సరిగ్గా ఎదగవు.

వీటిలో చాలావాటి వెనక వీఈజీఎఫ్ అనే ఒకే పదార్థం ఉంది. హెచ్‌సీసీకి రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి, వాటిని పెంచేది అదే. అది రక్తనాళాలు పెంచడమే కాదు, డెండ్రిటిక్ కణాల్ని ఎదగనివ్వదు, ట్రెగ్స్‌ని, ఆ మైలాయిడ్ కణాల్ని పెంచుతుంది, దాంతో పుట్టే వంకర రక్తనాళాల గోడల్ని దాటి టీ సెల్స్ లోపలికి రావడం కూడా కష్టమే. బెవాసిజుమాబ్ ఆ వీఈజీఎఫ్‌ని పట్టుకుంటుంది. అంటే ఒకటి టీ సెల్ మీద బ్రేక్ తీస్తుంది, రెండోది ఆ టీ సెల్ గడ్డలోకి వెళ్లి పనిచేసేలా చుట్టుపక్కల పరిస్థితి మారుస్తుంది.

ఇది కాగితం మీద లాజిక్ మాత్రమే కాదు. పీడీ-1 మందు నివోలుమాబ్‌ని ఒంటరిగా సొరాఫెనిబ్ అనే పాత మాత్రతో పోల్చిన చెక్‌మేట్-459 ట్రయల్‌లో మధ్యస్థ జీవితకాలం 16.4 నెలలు, 14.7 నెలలు, ఆ తేడా గణాంకాల ప్రకారం నిలబడలేదు. అదే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి ఇచ్చిన ఐఎంబ్రేవ్150లో 19.2 నెలలు, సొరాఫెనిబ్‌తో 13.4. 2020లో ఆ ట్రయల్ తొలి ఫలితాలు వచ్చాక ఫస్ట్ ట్రీట్‌మెంట్ ఎలా ఇవ్వాలన్నదే మారిపోయింది. సీటీఎల్‌ఏ-4 మందు ఒక్క డోసు కలిపే ట్రెమెలిముమాబ్, డర్వాలుమాబ్ జోడీ కూడా ఉంది, బ్లీడింగ్ రిస్క్ ఎక్కువున్నవాళ్లకి దాన్ని ఆలోచిస్తాం. కొత్తసభ్యుడు గారూ, ఈ నెలల లెక్కలు చూసి బెంగపడకండి, మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువే ఉన్నారని, మీ నాన్నగారి గడువు అని కాదు.

లింఫోసైట్స్ తక్కువ ఉన్నది సిరోసిస్ వల్ల కావచ్చు, స్ప్లీన్ పెద్దదై కణాల్ని పట్టేసుకుంటుంది, ప్లేట్‌లెట్స్ కూడా తక్కువే ఉండుంటాయి చూడండి. సిరోసిస్‌లో బ్యాక్టీరియాని ఎదుర్కొనే ఇమ్యూనిటీ కూడా బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దగా జ్వరం రాదు. పొట్ట ఉబ్బి నొప్పి, మాటలో తడబాటు, మత్తుగా ఉండటం కనిపిస్తే రాత్రయినా తీసుకెళ్లండి.

పొడుల సంగతి. దయచేసి వద్దు. ఇమ్యూనిటీని మొత్తంగా పెంచే పొడి ఏదైనా ఉందనుకున్నా, అది టీ సెల్ మీది పీడీ-1 బ్రేక్ తీయదు, ట్రెగ్స్‌ని తగ్గించదు. అసలు ప్రమాదం వేరే ఉంది, హెర్బల్ సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఎన్నో నమోదయ్యాయి, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, పసుపు క్యాప్సూల్స్ లాంటి మామూలువాటితో కూడా. ఆయన లివర్‌లో మిగిలిన శక్తే ఇప్పుడు మన ఆస్తి, చైల్డ్ ప్యూ ఏ నుంచి కిందికి జారితే ఈ మందులు ఇవ్వడమే కష్టమవుతుంది. పైగా ట్రీట్‌మెంట్ మధ్యలో ఎంజైమ్స్ పెరిగితే అది ఇమ్యునోథెరపీ వల్లా, పొడి వల్లా అని మాకు తేల్చుకోవడమే కష్టం, పని చేస్తున్న మందుని ఆపేయాల్సి రావచ్చు. చుట్టాలకి ఇది డాక్టర్ మాటగా చెప్పండి. ప్రేమతోనే చెప్తున్నారు వాళ్లు, నాకు తెలుసు, కానీ వద్దు.

పద్మ_కూతురు:

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి. మా అమ్మకి వైరస్ ఏమీ లేదు, మద్యం అలవాటు లేదు, షుగర్, ఫ్యాటీ లివర్ నుంచే వచ్చింది అన్నారు. ఫ్యాటీ లివర్ వల్ల వచ్చిన క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ పనిచేయదు, పైగా కీడు చేస్తుంది అని ఎక్కడో చదివి వారం నుంచి నిద్ర లేదు. నిజమేనా?

టీసెల్_మనిషి:

పద్మ గారూ, మీరు చదివింది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, కాబట్టి ఓపిగ్గా చదవండి. 2021లో నేచర్‌లో ఒక పెద్ద పేపర్ వచ్చింది. కొవ్వు వల్ల వాచిన లివర్‌లో పీడీ-1 ఉన్న సీడీ8 టీ సెల్స్ బాగా పోగుపడతాయని, అవి చూడ్డానికి ఎగ్జాస్ట్ అయినట్టే ఉన్నా గడ్డని కాపలా కాయకుండా లివర్ కణాల్నే దెబ్బతీస్తున్నాయని, ఎలుకల్లో అలాంటప్పుడు పీడీ-1 మందు ఇస్తే గడ్డలు తగ్గకపోగా పెరిగాయని చూపించారు. మనుషుల ట్రయల్స్ లెక్కలు కలిపి చూసి వైరస్ లేనివాళ్లకి లాభం తక్కువగా కనిపిస్తోందని కూడా రాశారు. అంతకు ముందు 2016లోనే ఫ్యాటీ లివర్‌లో సీడీ4 టీ సెల్స్, అంటే మిగతా ఇమ్యూన్ సెల్స్‌కి సాయం చేసేవి, ప్రత్యేకంగా చచ్చిపోతున్నాయని ఇంకో పేపర్ వచ్చింది. అంటే క్యాన్సర్ ఒకటే అయినా, దాని కింద ఉన్న జబ్బుని బట్టి ఇమ్యూన్ సెల్స్ పాడయ్యే తీరు వేరు. మంచి సైన్స్ అది, భయపెట్టడానికి రాసింది కాదు.

కానీ అక్కడితో ఆగిపోతే అన్యాయం. ఆ ట్రయల్స్ ఏవీ ఈ ప్రశ్న తేల్చడానికి డిజైన్ చేసినవి కావు, వైరస్ లేని గ్రూపులో మద్యం వల్ల వచ్చినవాళ్లు, ఫ్యాటీ లివర్ వాళ్లు, కారణం తెలియనివాళ్లు అందరూ కలిసి ఉన్నారు. తర్వాత వచ్చిన హిమాలయా ట్రయల్‌లో ట్రెమెలిముమాబ్, డర్వాలుమాబ్ జోడీకి వైరస్ లేనివాళ్లలో కూడా లాభం కనిపించింది. అందుకే కారణాన్ని చూసి ఇమ్యునోథెరపీ ఇవ్వొద్దు అని గైడ్‌లైన్స్ చెప్పట్లేదు. అమ్మగారికి డాక్టర్ ఇస్తామంటే ఆ ఒక్క పేపర్ చూసి వద్దనకండి, దయచేసి.

పద్మ_కూతురు:

చాలా థాంక్స్ అండి, చదువుతుంటే ఏడుపొచ్చింది. ఎవరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు. రేపు డాక్టర్ గారితో మాట్లాడతా.

కొత్తసభ్యుడు77:

టీసెల్ అన్నా, డాక్టర్ గారూ, సరళక్కా, మీ ముగ్గురికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. పొడులు ఆపించేశా, అమ్మకి కూడా చదివి వినిపించా. ఎండోస్కోపీ ఈ వారమే అన్నారు. ఆఖరిగా ఒక్కటి, నాన్న ఇమ్యూన్ సెల్స్ ఈ మందుకి లేస్తాయా లేవా అన్నది ముందే టెస్ట్ చేసి చెప్పగలరా? బయాప్సీ ముక్క ఉంది కదా, అందులో పీడీ-ఎల్1 చూస్తే తెలుస్తుందా?

లివర్‌వార్డ్_డాక్టర్:

మంచి ప్రశ్న, కానీ సూటి జవాబు ఏంటంటే హెచ్‌సీసీలో ఇస్తే పనిచేస్తుందా లేదా అని ముందే నమ్మకంగా చెప్పే టెస్ట్ ఇవాళ్టికి లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పీడీ-ఎల్1 చూసి మందు నిర్ణయిస్తారు, లివర్‌లో అది అంతగా పనికిరాలేదు, తక్కువ ఉన్నవాళ్లకి కూడా పనిచేస్తోంది, ఎక్కువ ఉన్నా పనిచేయని వాళ్లున్నారు. సుమారు మూడోవంతు గడ్డల్లో బీటా కాటెనిన్ జీన్‌లో మార్పు ఉంటుంది, వాటిలో చాలావాటిలోకి టీ సెల్స్ అసలు రావు, లోపలికే రాని సెల్ మీద బ్రేక్ తీసి లాభమేంటి అని అనిపిస్తుంది నిజమే, కానీ అది చూసి మందు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేంత గట్టి ఆధారం ఇంకా రాలేదు, కాబట్టి రొటీన్‌గా చేయం. దానికోసం మీరు డబ్బు, సమయం పెట్టొద్దు.

మీ కేసులో ఈ కాంబినేషన్‌తో గడ్డ స్కాన్‌లో స్పష్టంగా తగ్గేది సుమారు పదిమందిలో ముగ్గురికి, ఇంకా చాలామందిలో పెరగకుండా ఆగుతుంది, అది కూడా లాభమే. మొదలుపెట్టే ముందు ఏఎఫ్‌పీ, అంటే ఈ గడ్డ రక్తంలోకి వదిలే ప్రొటీన్, ఎంతుందో చూసి పెట్టుకోండి. మొదట్లో ఎక్కువ ఉండి ట్రీట్‌మెంట్‌తో బాగా పడిపోతే మంచి గుర్తు, అసలు తీర్పు మాత్రం స్కాన్‌దే, సాధారణంగా మొదటి రెండు మూడు నెలల్లో చేస్తారు. థైరాయిడ్, కార్టిసాల్, లివర్ ఎంజైమ్స్, యూరిన్ ప్రొటీన్ కూడా మొదలుపెట్టక ముందే ఒకసారి చూసి ఉంచితే తర్వాత తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది. ఎవరైనా వేరే జబ్బుకి స్టెరాయిడ్ మాత్రలు రాస్తే మీ ఆంకాలజిస్ట్‌కి చెప్పకుండా వేయొద్దు, అలాగే సైడ్ ఎఫెక్ట్ వచ్చి ఆయనే స్టెరాయిడ్ రాస్తే భయపడి మానొద్దు. లివర్ మార్పిడి ఆలోచన ఎవరైనా చేస్తుంటే ఈ మందు పడిందని వాళ్లకి తప్పకుండా తెలియాలి, బ్రేక్ తీసిన టీ సెల్స్ కొత్త లివర్ మీద పడే ప్రమాదం ఉంటుంది.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. నాన్నగారికి చిన్నప్పటి నుంచే బి వైరస్ ఉందంటే ఆయన తోడబుట్టినవాళ్లు, అమ్మగారు, మీరు, మీ పిల్లలు అందరూ హెచ్‌బీఎస్ యాంటిజెన్, దాని యాంటీబాడీ, కోర్ యాంటీబాడీ టెస్టులు చేయించుకోండి. వైరస్ లేక, రక్షణ కూడా లేనివాళ్లు వ్యాక్సిన్ వేయించుకోవాలి. వైరస్ ఉన్నవాళ్లని ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ ఎవరికి అవసరమో చూసి ఫాలో అప్‌లో పెడతారు. తైవాన్‌లో 1984లో అప్పుడే పుట్టిన పిల్లలకి బి వ్యాక్సిన్ ఇవ్వడం మొదలుపెట్టాక పిల్లల్లో ఈ క్యాన్సరే తగ్గిపోయింది. ఎండోస్కోపీ రిపోర్ట్ వచ్చాక డౌట్ ఉంటే ఇక్కడే రాయండి, చూస్తాను.

సరళ_కేర్‌గివర్:

డాక్టర్ గారు చెప్పిన ఆ టెస్టులు మా ఇంట్లో చేయిస్తే మా మరిదికి కూడా బి బయటపడింది తమ్ముడూ, ఆయనకి ఏ లక్షణమూ లేదు, ఇప్పుడు మాత్ర వాడుతున్నాడు, లివర్ బాగుంది. ఎండోస్కోపీకి వెళ్లినప్పుడే మీవాళ్లందరి బ్లడ్ కూడా ఇచ్చేసి రా.